పసుపు దారిలో చైను చప్పుడు

ఆర్మూర్ దాటి జగిత్యాల దారి పట్టిన కాసేపటికే ఉడికిన పసుపు వాసన మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ దారి గాలే వేరు. జూన్‌లో నాటిన పసుపు తొమ్మిది నెలలు నేలలో ఊరి, తవ్వకం పూర్తయి, ఆవిరి బాయిలర్ల డ్రమ్ముల్లో ఉడికి, కల్లాల్లో పరుచుకుని ఎండుతూ ఉంటుంది. అద్దాలు ఎత్తుకుని 63వ నంబరు జాతీయ రహదారి మీద కారులో దూసుకుపోయేవారికి ఇదేమీ అందదు. మోటారుసైకిలు మీద వెళ్ళేవారికి వాసనా అందుతుంది, దుమ్మూ అందుతుంది. ఆ దుమ్ము మనిషికంటే ముందు బండి చైనును పడుతుంది.

ఏర్గట్ల అనే ఊరికి నేను బయలుదేరింది అందుకే. పసుపు సీజన్‌లో అక్కడి యంత్రాలు ఎలా తిరుగుతాయో, వాటిని ఎవరు ఎలా చూసుకుంటారో చూడాలని. మోటారుసైకిలుకు చైను మంచిదా, షాఫ్టు మంచిదా అన్న వాదన హైదరాబాద్‌లో బండ్లంటే ప్రాణమిచ్చే మిత్రుల మధ్య ఎప్పటికీ తెగదు. చైను అంటే మురికి, నూనె, బిగింపులు. షాఫ్టు అంటే వేల కిలోమీటర్లు చెయ్యి పెట్టనక్కర్లేని నిశ్చింత. వాళ్ళ లెక్క అది. ఆ లెక్క పల్లెటూళ్ళో నిలుస్తుందా అని నాకు మొదటినుంచీ అనుమానం. చైన్లూ షాఫ్టులూ ఒకే కల్లంలో పక్కపక్కన తిరిగే పసుపు నేల మీద ఈ విషయం తేలుతుందనిపించింది.

మోర్తాడ్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి ఏర్గట్ల వైపు తిరిగాక రోడ్డు పక్కనే ఒక కల్లంలో పాలిష్ పడుతున్నారు. ఎండిన పసుపును పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి తిప్పుతుంటే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు, వేళ్ళు, అంటుకున్న మట్టి రాలిపోతాయి. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయేది ఇలా నునుపు తేలిన సరుకే. కాడి, అంటే పొడుగు కొమ్ములు, ఒక కుప్ప; గోళ, అంటే గుండ్రటి దుంపలు, ఒక కుప్ప. డ్రమ్ము జల్లెడ రంధ్రాల్లోంచి ఎగసిన పసుపుపచ్చ మబ్బు రోడ్డు దాటి అవతలి మక్కచేను మీద వాలుతోంది. నేను ఆగి హెల్మెట్ తీసేలోపే చేతి వెంట్రుకల మీద పసుపు దిగింది.

డ్రమ్ము తిప్పుతున్నది ట్రాక్టరు. దాని వెనక, బయటి యంత్రాలకు బలం అందించే పీటీఓ నుంచి ఒక షాఫ్టు, రెండు చివరలా క్రాస్ జాయింట్లతో, డ్రమ్ము గేరుబాక్సు దాకా వచ్చింది. షాఫ్టు డ్రైవ్ అంటే ఏమిటో చదువుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఇంజను బలం ఒక కడ్డీ మెలికగా ప్రయాణించి అవతలి చివర పళ్ళచక్రాల దగ్గర దిశ మార్చుకుంటుంది. మధ్యలో జారే చైను లేదు, తెగే బెల్టు లేదు. చాలా బీఎండబ్ల్యూ పెద్ద మోటారుసైకిళ్ళలో వెనక చక్రానికి బలం అందేదీ ఈ పద్ధతిలోనే. అక్కడ షాఫ్టు వెనక చక్రాన్ని మోసే అల్యూమినియం చేతి లోపల దాగి ఉంటుంది, ఇక్కడ బయటికి కనిపిస్తుంది.

షాఫ్టుకు పని ఉండదన్న మాట సగమే నిజమని కల్లం రైతు చేతిలో ఉన్న గ్రీజు గన్ను చెప్పింది. డ్రమ్ము ఆపి, ట్రాక్టరు ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, క్రాస్ మీది నిపిల్‌కు గన్ను ఆనించి గ్రీజు ఎక్కించాడు. పాత గ్రీజు పసుపు కలిసి ముద్దలా బయటికొచ్చింది.

"దీనికి తిండి పెట్టకపోతే క్రాస్ కొట్టుకుంటది సార్. కొట్టుకున్నదంటే రెండు దినాలల్ల ఇరుగుతది" అన్నాడు.

తాళం ఎందుకు తీశారని అడిగితే కల్లంలో పనిచేస్తున్న ఆడవాళ్ళ వైపు చూపించాడు. అందరూ కొంగులు నడుముకు బిగించి, పైన పాత చొక్కాలు వేసుకున్నారు. పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. కొంగు అంచు అందులో చిక్కుకుంటే మనిషి కేక పెట్టేలోపు పని అయిపోతుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు రావాలి, కొత్తగా కొన్నప్పుడు వస్తుంది కూడా. ఆ కల్లంలో అది సగం విరిగి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో తొడుగే లేని షాఫ్టులు ఇంకా చూశాను. తొడుగు మళ్ళీ వేయించుకోవడానికి అయ్యే ఖర్చు ఒక క్వింటాలు పసుపు ధరలో చిన్న ముక్క. ఇది వాయిదా వేయదగ్గ ఖర్చు కాదని ఆ రైతుతో అన్నాను. ఈ రాత చదివే ప్రతి ట్రాక్టరు యజమానితోనూ అదే అంటున్నాను.

ఏర్గట్ల చేరేసరికి ఎండ ముదిరింది. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలు, మండలాలు మారినప్పుడు మోర్తాడ్ నుంచి విడిపోయి మండల కేంద్రమైన ఊరు ఇది. ఊరు చిన్నదే కానీ ఎరువుల దుకాణం, విత్తనాల దుకాణం, ట్రాక్టరు సామాన్ల కొట్టు, బండ్ల షెడ్డు అన్నీ పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాయి. మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపి స్టాండు వేశాను. నా బండి చైను బయటికి కనిపించే రకం. పొద్దున ఆర్మూర్‌లో నల్లగా మెరిసిన చైను ఇప్పుడు బురదపచ్చ రంగులో ఉంది.

మెకానిక్ ముప్పై ఐదు దాటినవాడు. గల్ఫ్‌లో కొన్నేళ్ళు గ్యారేజీలో పనిచేసి వచ్చి ఇక్కడ షెడ్డు వేసుకున్నాడు. ఈ ప్రాంతంలో గల్ఫ్ దారి తెలియని ఊరు లేదు. అక్కడికి పోయిన చేతులు కొన్ని ఇలా పనితనం మోసుకొచ్చాయి. వంగి చైను కింది వరసను వేలితో పైకెత్తి వదిలాడు.

"లూజు సరిగ్గనే ఉన్నది. గని గీ పసుపు, మన్ను కలిసి లోపల పేస్టయితది సార్. పసుపుతోటి ఏం గాదు, మన్నుతోటే."

అతని మాట నిజం. పసుపు పొడి మెత్తన. దానితో పాటు రాలే మట్టిలో ఇసుక రేణువులు ఉంటాయి, అవి ఉక్కుకు తీసిపోని గట్టివి. నూనె పూసిన చైనుకు అవి అతుక్కుని, పిన్నుకూ బుష్షుకూ మధ్య దూరి, తిరిగిన ప్రతిసారీ కాస్త కాస్త గీకుతాయి. ఎంత గీకుతాయో ఒక లెక్క వేసుకోవచ్చు. పద్దెనిమిది అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 530 చుట్లు తిరుగుతుంది. వెనక స్ప్రాకెట్‌కు 42 పళ్ళు, చైనుకు 110 లింకులు అనుకుంటే కిలోమీటరులో చైను రెండు వందల చుట్లు పూర్తి చేస్తుంది. ప్రతి చుట్టులో ప్రతి లింకూ ముందు స్ప్రాకెట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, వెనకది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మొత్తం నాలుగుసార్లు వంగుతుంది. ఆర్మూర్ నుంచి వచ్చిన ప్రతి కిలోమీటరుకూ ఒక్కో పిన్ను ఎనిమిది వందల సార్లు తన బుష్షులో కదిలిందన్నమాట. ఆ కదలిక నూనె మీద జరిగిందా, ఇసుక మీద జరిగిందా అన్నదే చైను ఆయుష్షు.

చైను సాగిందని అందరం అంటాం. పలకలు నిజంగా సాగేది లేనట్టే. పిన్నులూ బుష్షులూ అరిగి ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది, అవన్నీ కలిసి చైను పొడుగవుతుంది. వంద సీసీ బండ్లకు ఎక్కువగా వచ్చే 428 చైనులో పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇరవై లింకులు కొలిస్తే 254 మిల్లీమీటర్లు రావాలి. 259 దాటిందంటే రెండు శాతం పోయినట్టు, మార్చే సమయం వచ్చినట్టు. ఆ మెకానిక్ దగ్గర బడిపిల్లల స్టీలు స్కేలు ఒకటి గోడకు వేలాడుతోంది. కొలత తీయడానికి అంతకుమించి ఏమీ అక్కర్లేదు. స్కేలు లేనివారు వెనక స్ప్రాకెట్ చిట్టచివర చైనును పట్టి వెనక్కి లాగి చూడవచ్చు. పంటి సగం బయటికి కనిపిస్తే ఇక దాని పని అయిపోయింది.

అతను పని మొదలుపెట్టిన వరస నాకు నచ్చింది. ముందు ఇంజను ఆపించాడు. గేరు న్యూట్రల్. బండి మెయిన్ స్టాండు మీద. చక్రాన్ని చేత్తోనే తిప్పుతూ, పాత పెయింటు బ్రష్షుతో డీజిల్ రాసి మురికి కరిగించాడు. కిరోసిన్ అయితే ఇంకా మంచిదే కానీ ఇప్పుడు దొరకడం కష్టమన్నాడు. పెట్రోలు మాత్రం వాడడు. ఇంజను నడుస్తుండగా గేరులో పెట్టి తిరిగే చైనుకు గుడ్డ పట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ గుడ్డతో పాటు వేళ్ళు స్ప్రాకెట్‌లోకి పోతాయి. బండి తుడుచుకుంటూ వేలు పోగొట్టుకున్నవారు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. చక్రం చేత్తో తిప్పితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

తుడిచాక 90 నంబరు గేరు ఆయిల్ తీశాడు. ఇంజనులోంచి దింపిన కాలిన ఆయిల్ డబ్బా పక్కనే నిండుగా ఉంది. దాన్ని ముట్టలేదు. చాలా షెడ్లలో చైనుకు అదే పోస్తారు, ఊరికే వస్తుంది కనక. అందులో మసి ఉంటుంది, సన్నటి లోహపు పొడి ఉంటుంది. అరగకుండా కాపాడాల్సిన చోట అరగదీసే సరుకు పోసినట్టవుతుంది. గట్టి గ్రీజు పులిమినా లాభం లేదు. పైన మందంగా పేరుకుని దుమ్ము పట్టుకుంటుంది తప్ప పిన్ను దాకా పోదు. అతను కింది వరస లోపలి వైపు, రోలర్లకూ పలకలకూ మధ్య, చుక్క చుక్కగా పోశాడు. చక్రం తిరిగినప్పుడు నూనె బయటికి చిమ్మే దారిలో లోపలి నుంచి పైకి పోతుంది, అందుకు లోపలి వైపు.

"ఎచ్చగున్నప్పుడే వెయ్యాలె. చల్లారినంక వేస్తె మీదనే ఉంటది. అన్నం తిని రాండ్రి, గప్పటిదాంక లోపల్కి గుంజుకుంటది. అటెన్క ఎక్కువైంది తుడిచేస్త" అన్నాడు.

తర్వాత చేతులు బట్టల పొడితో కడుక్కున్నాడు. పసుపు అంటిన గుడ్డ ఆ నీళ్ళలో ఎర్రగా మారింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఈ గుణం వల్లే. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. షెడ్డు ముందు మట్టిలోకి పారిన సబ్బునీళ్ళు కూడా ఎర్రటి చారలా కనిపించాయి.

ఈ చైను మన చేతికి వచ్చి నూట నలభై ఏళ్ళు దాటింది. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు బుష్ రోలర్ చైనుకు పేటెంటు తీసుకున్నాడు. పిన్ను చుట్టూ బుష్షు, బుష్షు చుట్టూ తిరిగే రోలరు. మూలసూత్రం అప్పటినుంచీ అదే. వచ్చిన పెద్ద మార్పు ఒక్కటే, పలకల మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి లోపలి గ్రీజును జీవితకాలం బంధించడం. ఓ-రింగ్ చైన్లకు పెట్రోలు, తీగ బ్రష్షు తగలకూడదనేది ఆ రింగుల కోసమే. షెడ్డు అరలో ఉన్న డబ్బాల మీద కోయంబత్తూరు రోలాన్, చెన్నై డైమండ్ పేర్లు ఉన్నాయి. ఒక్కో డబ్బాలో చైను, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ కలిసే ఉంటాయి. అరిగిన చైను తీసి కొత్తది ఒక్కటే వేయమనేవారికి ఇతను వేయడట. అరిగిన పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటాయి, అవి కొత్త చైనును కొన్ని నెలల్లోనే తమ కొలతకు దించేస్తాయి.

అక్కడే ఆగి ఉన్న బండ్లలో సగం స్ప్లెండర్లు. వాటి చైను కనిపించదు. పైనా కిందా పూర్తిగా మూసిన రేకు కవరు, మధ్యలో రబ్బరు మూతతో ఒక చిన్న కన్నం. ఆ మూత తీసి లూజు చూస్తారు, నూనె పోస్తారు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటినుంచీ పల్లె జనం నమ్మిన ఏర్పాటు ఇది. ఇంత దుమ్ములోనూ ఆ చైన్లు బయటి చైన్లకంటే ఎంతో ఎక్కువ మన్నుతాయని మెకానిక్ చెప్పాడు, నేను చూసిందీ అదే. అంతకుముందు జావా, యెజ్డీలకూ చైను పూర్తిగా మూసే ఉండేది. ఇప్పటి కుర్రకారు బండ్లకు ఆ కవరు తీసేసి పైన చిన్న ప్లాస్టిక్ ముక్క మిగిల్చారు, చూడ్డానికి బాగుంటుందని. నా దృష్టిలో మన రోడ్లకు ఇది పెద్ద నష్టం. చైనా షాఫ్టా అని గంటలు వాదించుకునే బదులు మూసిన చైను మళ్ళీ ఇమ్మని కంపెనీలను అడగాలి. చీర కట్టుకుని వెనక కూర్చునే మనిషి కోసం వెనక చక్రాన్ని కనీసం సగం మూసే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. చైనుకూ అంత శ్రద్ధ దక్కాలి.

అన్నం తిని వచ్చాక అడిగాను, గల్ఫ్‌లో షాఫ్టు బండ్లు చూశావా తమ్మీ అని.

"సూసుడు ఏంది సార్, ఇప్పిన. పెద్ద బండ్లు. తోలెటోనికి మస్తు సుఖం. చప్పుడు లేదు, నూనె లేదు, పాయింటు మీదికి మరక రాదు. అయిదారేండ్లు ఎనకకు సూడకుంట తోల్తరు. గని లోపల సీలు పోయిందనుకో, బేరింగు పోయిందనుకో, బండి ట్రక్కు మీదనే రావాలె. దాని కొలతలకు వేరే సామాను, దాని ప్రెస్సు వేరే. ఈడ ఏర్గట్లల గట్ల ఆగిపోతె నేనేం జేస్త?"

షాఫ్టు మీద అతనికి చిన్నచూపు లేదు, అదే నాకు నచ్చింది. వెనక చక్రం గేరుబాక్సులో ఆయిల్ ఎప్పుడు మార్చాలి, షాఫ్టు చివరి గాళ్ళకు గ్రీజు ఎందుకు రాయాలి, అది ఎండిపోతే ఏమవుతుంది, అన్నీ చెప్పాడు. షాఫ్టుకూ సేవ కావాలి. అది కంటికి కనిపించని సేవ, ఏళ్ళ తరబడి మరిచిపోయినా బండి చెప్పని సేవ.

షాఫ్టు కొత్త సంగతి కాదు. బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ 1905లోనే నాలుగు సిలిండర్ల మోటారుసైకిలుకు షాఫ్టు పెట్టింది. 1923లో మాక్స్ ఫ్రిట్జ్ గీసిన బీఎండబ్ల్యూ ఆర్ 32 షాఫ్టుతోనే వచ్చింది. ఆ బండి బలం ఎనిమిదిన్నర హార్స్‌పవర్. ఇప్పుడు ఏర్గట్ల వీధిలో ఆగి ఉన్న స్ప్లెండర్ బలం కూడా దాదాపు ఎనిమిదే. అంటే చిన్న ఇంజనుకు షాఫ్టు పనికిరాదన్నది తప్పు మాట. అసలు కారణం ఇంజను కూర్చున్న తీరులో ఉంది. ఆర్ 32లో క్రాంకు బండి పొడవునా ఉంది, బలం పుట్టడమే వెనక్కి చూస్తూ పుట్టింది. కడ్డీ నేరుగా వెనక్కి పోయి చక్రం దగ్గర ఒక్కసారి మలుపు తిరిగితే చాలు. మన బండ్ల క్రాంకు అడ్డంగా ఉంటుంది. బలం బయటికొచ్చే షాఫ్టూ, వెనక చక్రం ఇరుసూ అప్పటికే ఒకదానికొకటి సమాంతరం. చైను వాటిని ఏ మలుపూ లేకుండా కలిపేస్తుంది. అక్కడ షాఫ్టు పెట్టాలంటే బలాన్ని ఒకసారి వెనక్కి మలపాలి, చక్రం దగ్గర మళ్ళీ పక్కకు మలపాలి. రెండు జతల బెవెల్ గేర్లు, రెండు చోట్ల నష్టం, బరువు, ఖర్చు. ఎనిమిది హార్స్‌పవర్‌లోంచి ఆ నష్టం పోతే పసుపు బస్తాతో గట్టు ఎక్కే రైతుకు వెంటనే తెలుస్తుంది. శుభ్రంగా ఉన్న చైను తనకు అందిన బలంలో రెండు మూడు శాతం మాత్రమే పోగొడుతుంది.

షాఫ్టు బండికి ఇంకో గుణం కూడా ఉంది. యాక్సిలరేటర్ ఇస్తే వెనక భాగం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. దాన్ని అణచడానికే బీఎండబ్ల్యూ 1987లో పారాలీవర్ అనే రెండు కీళ్ళ ఏర్పాటు తెచ్చింది. ఖరీదైన బండిలో అది సరిపోతుంది. చైనూ షాఫ్టూ రెండూ వద్దనుకుని ఇంజనును చక్రం పక్కనే పెట్టి గేర్లతో కలిపిన బండి కూడా మన ఇళ్ళలో ఉండేది. 1946 నాటి వెస్పా పోలికలో బజాజ్ చేసిన చేతక్ అది. దాన్ని నడిపిన తరం చైను అన్న మాటే ఎరగకుండా బతికింది.

సాయంత్రం గోదావరి చూడాలని తడపాకల్ వైపు వెళ్ళాను. పుష్కరాలకు జనం వచ్చే ఘాట్ ఉన్న ఊరు. అవతల ఒడ్డు నిర్మల్ జిల్లా. ఎండాకాలం దగ్గరపడి నీరు సన్నబడి, ఇసుక తేలింది. ఒడ్డుకు పోయే బాటలో చేపల బుట్ట కట్టిన టీవీఎస్ ఎక్సెల్ ఆగి ఉంది. పెద్దాయన ఒకరు దాని పక్కన గొంతుక్కూర్చున్నారు. చైను ఊడింది. సాయం చేయనా పెద్దయ్యా అంటే, వద్దు బిడ్డా అన్నారు. చైనును వెనక స్ప్రాకెట్ కింది పళ్ళకు తగిలించి, చక్రాన్ని ముందుకు మెల్లగా తిప్పారు. చైను పళ్ళెక్కి కూర్చుంది. సీటు కింది నుంచి స్పానరు తీసి ఇరుసు నట్టు వదులు చేసి, అటూ ఇటూ అడ్జస్టర్లను ఒకే గీత దాకా జరిపారు. రెండు వైపులా గీతలు కలవకపోతే చక్రం పక్కకు తిరిగి చైనూ టైరూ రెండూ అరిగిపోతాయి. చివరికి చైను లాకు చూశారు. లాకు తెరిచిన వైపు చైను పోయే దిక్కుకు వ్యతిరేకంగా ఉండాలి. ఉంది. నీళ్ళ సీసా మూత తెరిచి చైను మీద ఇసుక కడిగారు, చేతులు కడుక్కున్నారు, బండి స్టార్ట్ చేశారు.

చైను మరీ బిగించలేదేమని అడిగాను.

"బుట్ట నిండితె చక్రం పైకి లేస్తది బిడ్డా. అప్పుడు అదే బిగుస్తది. ఇప్పుడే బిగిస్తె అప్పుడు తెగుతది."

సర్వీసు పుస్తకాలు మధ్యలో 25 నుంచి 30 మిల్లీమీటర్ల లూజు ఉంచమనేది దీనికోసమే. వెనక చేయి పైకీ కిందికీ ఊగుతుంటే ముందు స్ప్రాకెట్‌కూ వెనక ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది. ముందు స్ప్రాకెట్, వెనక చేయి కీలు, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. అప్పుడు కూడా కాస్త ఊపిరి మిగలాలి. లేకపోతే చైను తెగకపోయినా గేరుబాక్సు బేరింగు పాడవుతుంది, అది పెద్ద ఖర్చు. బరువు మోసే బండికి ఒకసారి బరువు పెట్టి కూడా లూజు చూసుకోవాలని నా సలహా. పెద్దయ్యకు ఎవరూ పుస్తకం ఇవ్వలేదు, ఆయన బుట్ట బరువు నుంచే అది నేర్చుకున్నారు.

ఆ ఇసుక బాటలో షాఫ్టు బండికి ఇలా ఊడేదేమీ లేదు, నిజమే. ఇసుక దాని లోపలికి పోదు. కానీ ఆ బాటలో షాఫ్టు బండి ఆగిపోతే ఆ పెద్దాయన చేతిలోని స్పానరుతో మళ్ళీ నడిచేది కాదు. నాకు చైను మీద గౌరవం పెరిగింది అక్కడే.

తిరుగుదారిలో తొర్తి దగ్గర టీ తాగుతుంటే పక్క బెంచీ మీద ఇద్దరు రైతులు తిరిగే కత్తులతో నేలను దున్నే రోటావేటర్ గురించి మాట్లాడుకుంటున్నారు. విన్నకొద్దీ ఇది నా ప్రశ్నే అనిపించి వారితో కలిసి కూర్చున్నాను. ట్రాక్టరు పీటీఓ షాఫ్టు నుంచి బలం రోటావేటర్ మధ్య గేరుబాక్సుకు వస్తుంది, అక్కడి నుంచి పక్కకు పోయి, కత్తులున్న ఇరుసు దాకా దిగాలి. ఆ దిగే చోట చైను పెట్టినవి ఒక రకం, గేర్లు పెట్టినవి ఒక రకం. దుకాణంలో రెండూ దొరుకుతాయి. చైనుది చవక, తేలిక. రాయి తగిలితే దెబ్బను కొంత తీసుకుంటుంది. గేర్లది బరువు, ధర ఎక్కువ. గట్టి నేలకు తట్టుకుంటుంది.

ఈ నేలలో ఏ యంత్రం కొన్నా పసుపు ధర వైపు చూసే కొంటారు. ఆ ధర మీద ఇక్కడి రైతు ఎంత పట్టుదలగా ఉంటాడో 2019లో దేశమంతా చూసింది. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు, వారిలో 178 మంది రైతులు. పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అన్నది వాళ్ళ మాట. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. కొత్త యంత్రానికి అప్పు చేయాలా వద్దా అన్నది మాత్రం ఇప్పటికీ యార్డులో కాడి ఏ ధర పలికిందన్న దాని మీదే తేలుతుంది.

ఇద్దరిలో పెద్దాయన గేరు రోటావేటర్ వైపే ఉన్నారు. మరి మీ బండికి చైనే కదా బాపూ, అక్కడ బాగానే ఉంది కదా అన్నాను.

"బండి చైను నా కండ్ల ముంగటుంటది. పొద్దుగాల లేస్తనే సూస్త, లూజైతె బిగిస్త, ఎండితె నూనె పోస్త. గ రోటావేటర్ చైను పక్క డబ్బల మూసుకోనుంటది. సీలు పోయి మన్ను దూరినా నాకు తెల్వది. దున్నుడు నడుమ తెగిందంటె ఆ దినం ట్రాక్టరు కిరాయంత పోయినట్టే. కనవడనిదానికి గేరే ఉండాలె" అన్నారాయన.

చిన్నాయన ఒప్పుకోలేదు. తమ చెలకలో రాళ్ళెక్కువ, గేరు పన్ను విరిగితే చైను ఖర్చుకు నాలుగింతలు అవుతుందన్నాడు. టీ గ్లాసులు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ ఎవరి నేల లెక్క వాళ్ళు చెప్పుకున్నారు. ఒకరిది నల్లరేగడి, ఒకరిది రాళ్ళ చెలక. నా మట్టుకు ఇద్దరి లెక్కా సరైనదే. పట్నంలో మా వాదన ఎన్నడూ తేలకపోవడానికి కారణం, బండి ఏ నేల మీద తిరుగుతుందో, ఆగిపోతే ఎవరి చెయ్యి అందుతుందో మేం అడగకపోవడమే. నల్లరేగడి బాపు ఈ కాడి అమ్ముడుపోయాక, జూన్ నాటుకు ముందే గేరుది కొంటానన్నారు. చిన్నాయన ఉన్న చైను రోటావేటర్‌కే కొత్త సీలు, కొత్త చైను వేయించడానికి మర్నాడు ఏర్గట్ల షెడ్డుకు పోతున్నాడు.